వేళ్ళు కనబడకూడదు

తెల్లగుడ్డ కింద ఉక్కగా ఉంది. ఇంతకుముందు ఎంతమంది తల్లులు దీని కింద కూర్చున్నారో ఏమో, వాళ్ళందరి చెమట, తలనూనె, పాలవాసన ఈ గుడ్డలోనే ఉన్నాయి, ఉతికిన పాపాన ఎవడూ పోలేదు. ఒళ్ళో పిల్ల, పిల్ల చంకల కింద తన చేతులు, చేతుల మీద గుడ్డ, తల మీద గుడ్డ, ఊపిరి పీలిస్తే నోట్లోకి వచ్చే గుడ్డ. విదేశీయుల నమోదు ఆఫీసులో ఏడు నెలల పిల్లకి ఫొటో తీయడమంటే ఇదీ తంతు. వెనకంతా తెల్లగా ఉండాలి, పిల్ల నిటారుగా ఉండాలి, కళ్ళు తెరవాలి, నోరు మూయాలి, పట్టుకున్న మనిషి మాత్రం కనబడకూడదు. తనంతట తాను కూర్చోలేని పిల్లని కూర్చోబెట్టడానికి ఒక మనిషి కావాలి, కానీ ఆ మనిషి ఉన్నట్టు తెలియకూడదు. ఈ నిబంధన రాసినవాడు జన్మలో ఒక పిల్లని ఎత్తుకుని ఉండడు, వాడి చేతులు పడిపోను, అనుకుంది. బయట ఫొటోగ్రాఫరు నాలుకతో టక్కుటక్కుమని చప్పుడు చేస్తున్నాడు, మొగుడు తాళంచెవులు ఆడిస్తున్నాడు. "ఇటు మిరపకాయ్, ఇటు, నాన్న ఇక్కడ!" ఏడ్చినప్పుడు ముక్కు దగ్గర మొదలై చెవులదాకా ఎర్రబడుతుందని పిల్లకి అతను పెట్టిన పేరది. పేరు పెట్టింది అతనే, ఆ ఏడుపు వినేది మాత్రం తను. వెలుగు మెరిసింది, పిల్ల ఉలిక్కిపడి వెనక్కి వాలింది, గుడ్డలోంచే తన గడ్డానికి దాని తల ఠక్కున తగిలింది.

నాలుగో కిటికీలో గుమాస్తా కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడేసుకున్న మనిషి. ఫొటోని చేరువగా పెట్టుకుని చూసి, పెన్సిలు తీసి, ఎడమపక్క కింద చిన్న సున్న చుట్టింది. పిల్ల చంక కింద నాలుగు వేళ్ళ కొసలు. అంతే, వెనక్కి తోసేసింది. "చూసుకోవాలి కదా," అన్నాడు మొగుడు, ఎవరు చూసుకోవాలో చెప్పకుండా. అతని మాటల తీరే అంత. తప్పులన్నీ వాటంతటవే జరుగుతాయి, జరిగినప్పుడల్లా పక్కన ఆమె ఉంటుంది. గుడ్డ కింద ఉన్నదాన్ని నేనేం చూస్తానయ్యా, నా కళ్ళు కట్టేసి నన్నే చూసుకోమంటావా, అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఈ మధ్య మింగడం బాగా అలవాటైంది, పొద్దున లేస్తే మొదటి పని అదే.

ఫొటోగ్రాఫరు ముందు ఇంకా ఇద్దరున్నారు, కూర్చోవాలి. కుర్చీలన్నీ ఒకదానికొకటి బోల్టులు వేసి బిగించినవి, ఒకరు కదిలితే వరసంతా కదులుతుంది. మొగుడు ఫోను చెవిన పెట్టుకుని, ఫైలు ఆమె ఒళ్ళో పడేసి, నడవా చివరికి పోయాడు. పిల్ల ఫైలు అట్ట కొస నోట్లో పెట్టుకోబోయింది. లాక్కుంది. లాగినప్పుడు ఫైలు తెరుచుకుంది, తెరుచుకున్నాక చదివింది. చదవకేం, కాగితం కనబడితే చివరి గీతదాకా చదివే చదువు తనది. ఫారం మీద వాళ్ళ భాష కింద ఇంగ్లీషు కూడా ఉంది. పిల్ల పేరు, పుట్టిన తేదీ, తండ్రి ఉద్యోగం, తండ్రి కంపెనీ, తల్లి అన్నచోట ఆమె పేరు, పక్కన ఉద్యోగం అన్నచోట చిన్న అడ్డగీత. దాని కింద, కోరుతున్న కాలం: మూడేళ్ళు. మరోసారి చదివింది. రెండు నెలలకని చెప్పాడు. "వెళ్ళేదాకా పిల్ల పేరు వీళ్ళ రిజిస్టర్లో ఉండాలి, ఊరికే ఒక లాంఛనం, గంట పని," అన్నాడు నిన్న, పళ్ళు తోముకుంటూ. ఫారం వెనక కంపెనీ ఉత్తరం ఉంది. మరో మూడేళ్ళు ఇక్కడే పనిచేయడానికి మీరు సమ్మతించినందుకు సంతోషిస్తున్నాం అని. ఉత్తరం మీది తేదీకి మూడు వారాలయింది. మూడు వారాలుగా ఈ మనిషి తన పక్కనే పడుకుని, తన చేతి కాఫీ తాగి, పిల్లకి చొక్కా గుండీలు పెట్టి, ఈ మాటని పంటి కింద పెట్టుకుని తిరిగాడన్నమాట.

వచ్చే నెల మొదటి సోమవారం. ఆ తేదీ ఆమెకి తన పుట్టినరోజు కన్నా బాగా గుర్తు. నీటి పరీక్షల ల్యాబులో రెండేళ్ళ జీతం లేని సెలవు ఆ రోజుతో సరి. పెద్దమేడమ్ పోయిన వారమే ఫోను చేసింది. "నేను ఆపగలిగినన్నాళ్ళు ఆపానమ్మా. సోమవారం నువ్వు వచ్చి చేరకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూచుంటారు, ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ లేదు. వస్తున్నావా, లేదా?" వస్తున్నానండీ, అని గట్టిగా చెప్పింది, పిల్ల నిద్రలోంచి లేచేంత గట్టిగా. అప్పుడు మొగుడు పక్కగదిలోనే ఉన్నాడు. విన్నాడు. విని, టీవీ గొంతు కాస్త పెంచాడు.

కిటికీ పక్కన ఉంటుంది ఆమె బల్ల. ఎడమపక్క సీసాలు, మెడదాకా నిండినవి, మూతకి సీలు, సీలు మీద చీటీ, చీటీ మీద నీళ్ళు తీసిన చోటు, తీసిన వేళ, తీసినవాడి సంతకం. వీటిలో ఒక్కటి తక్కువైనా ఆమె సీసా తెరిచేది కాదు. ఫారం మీద ఈ మూల నుంచి ఆ మూలకి రెండు గీతలు కొట్టి, మధ్యలో చెల్లదు అని రాసి, కింద పొడి సంతకం పెట్టి, సీసాతో సహా వెనక్కి పంపేది. ఒకసారి ఒక పెద్ద ఇంజనీరు స్వయంగా వచ్చి ఎదురుగా కూచుని, చీటీ ఏముందమ్మా, నీళ్ళు నీళ్ళేగా, అన్నాడు. నీళ్ళేనండీ, ఎక్కడివో చెప్పండి, అంది. చెప్పలేకపోయాడు. ఆమె సంతకం లేకుండా ఆ ల్యాబునుంచి ఒక్క రిపోర్టు బయటికి వెళ్ళేది కాదు, ఊరివాళ్ళు ఒక గుక్క నీళ్ళు తాగాలంటే ముందు ఆమె తలూపాలి. ఇప్పుడు ఉద్యోగం అన్నచోట అడ్డగీత. ఆ గీత గీసిన చేతిని ఆమె గుర్తుపట్టింది. కొస కాస్త పైకి లేస్తుంది, సరుకుల చీటీలో అక్కర్లేని వాటిని కొట్టేసేటప్పుడు అతను గీసే గీత అచ్చం ఇలాగే ఉంటుంది.

"మూడేళ్ళా?" అంది, అతను తిరిగి రాగానే. అతను ఫైలు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, చుట్టూ ఎవరైనా వింటున్నారా అని చూశాడు, వింటే మాత్రం ఎవరికి అర్థమవుతుందని. "ఇక్కడ కాదు. ఇంటికెళ్ళి మాట్లాడదాం."

ఇంటికెళ్ళి మాట్లాడదాం. ఇంట్లో అడిగితే, పిల్ల పడుకున్నాక మాట్లాడదాం. పిల్ల పడుకున్నాక అడిగితే, నెమ్మదిగా, పిల్ల లేస్తుంది. రెండేళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవాల్సినవి పోగేస్తే ఒక గది నిండుతుంది. పైగా ఆ మనం ఒకటి. మనం ఇక్కడికి వద్దామనుకున్నాం, మనం ఈ ఫ్లాటు తీసుకున్నాం, మనకి ఇక్కడ బాగానే ఉంది. మనలో సగం తనైనప్పుడు ఆ సగానికి కబురైనా అందాలి కదా. నీ మనం మండిపోను, అనుకుంది. అనుకోగానే కాస్త హాయిగా అనిపించింది, అందుకని ఇంకోసారి అనుకుంది.

అలాగని మనిషి రాక్షసుడా అంటే కాదు, అదే తంటా. రాక్షసుడైతే ఈపాటికి తేలిపోయేది. పిల్లకి అతనికన్నా బాగా నీళ్ళు పోసేవాళ్ళు లేరు. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని, ఒక్క చుక్క చెవిలోకి పోకుండా, పాట ఒకటి పాడుతూ పోస్తాడు. టీకా వేయించాక జ్వరమొస్తే రెండు రోజులు ఆఫీసు మానేసి భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగాడు. తిరుగుతూ ఆమెతో అన్నాడు, నువ్వు పడుకో, నేనున్నాను. ఆ మాటకి ఆమె గుండె కరిగింది, పడుకుంది, అలా కరిగినప్పుడల్లా ఎన్నిటికి ఒప్పుకుందో. ఉండడం అతనికి వచ్చు, అడగడమే రాదు. ఒకే ఒక్కసారి, ఇలా చేద్దామనుకుంటున్నాను, నీకెలా ఉంది, అని అడిగి ఉంటే, ఏమో, ఒప్పుకునేదేమో కూడా. ఆ ఏమోనే ఆమెకి అన్నిటికన్నా ఒళ్ళు మండించింది. ఒప్పుకునే అవకాశం కూడా తీసేసుకున్నాడు.

పిల్ల చొంగ కారుస్తూ ఆమె జుట్టు పిడికిట పట్టింది. పీకింది. పిల్ల మీద కూడా కోపం వచ్చింది, చెప్పుకోకూడదు గాని వచ్చింది. పుట్టి ఏడు నెలలైంది, అప్పుడే నీ పేరు మీద ఈ ఊళ్ళో మూడేళ్ళు రాసేశారే, నీ ఒక్కదాని కోసం నేనూ కట్టుబడి ఉండాలే, అనుకుంది. పిల్ల నవ్వింది. కింద రెండు పళ్ళు, బియ్యపు గింజలంత. ఆ పళ్ళు వచ్చినప్పుడు చేసిన గోలకి కింద ఫ్లాటులో ముసలావిడ చీపురుకర్రతో కప్పుని పొడిచింది, మూడు రోజులు, నేల ఆమె అరికాళ్ళ కింద దబదబలాడింది. నాలుగో రోజు పిల్లని చంకనేసుకుని కిందికి దిగి తలుపు కొట్టింది. అప్పటికి ఈ దేశపు భాష ఆమెకి తప్పనిసరి మాటల వరకే వచ్చు, టీకా, జ్వరం, పాలు, నొప్పి, ఎన్ని చుక్కలు, క్లినిక్కులో నర్సు దగ్గర నేర్చినవి. ఆ రోజు గుమ్మంలో నిలబడి గంటసేపు పోట్లాడింది. మాట దొరకనప్పుడు ముసలావిడే అందించింది, ఆమె దాన్నే తిప్పి ఆవిడ మీద వేసింది. ఆ తర్వాత వారానికి రెండుసార్లు పోట్లాడుకున్నారు, చెత్త గురించి, మెట్ల గురించి, పిల్లకి టోపీ పెట్టలేదని. పోట్లాటతో వచ్చిన భాష గట్టిది, మర్చిపోదామన్నా పోదు. మొగుడికి ఈ సంగతి తెలియదు. కొత్తలో అనుకున్నదే ఇప్పటికీ అనుకుంటున్నాడు, దానికి భాష రాదు పాపం, అన్నీ నేనే చూసుకోవాలి అని. అతనికి వచ్చింది ఆఫీసు భాష, ఇస్త్రీ చేసినట్టుంటుంది. బయటికి వెళ్ళినప్పుడల్లా ఆమెకీ లోకానికీ మధ్య నిలబడి ఇటుది అటు, అటుది ఇటు చెబుతూ ఉంటాడు, కొంత తనే ఉంచుకుంటాడు.

రెండో ఫొటోలో వేళ్ళు రాలేదు. ఈసారి పిల్ల కళ్ళు మూసింది. కిటికీ దగ్గర గుమాస్తా ఫొటో పక్కన పెట్టి, ఫారం తిరగేసి, పెన్సిలు కొసతో ఒక్కొక్క గీతా దాటుకుంటూ మూడేళ్ళు అన్నచోట ఆగింది. తలెత్తి మొగుణ్ణి అడిగింది.

"తల్లికి ఇష్టమేనా?"

"ఇష్టమే," అన్నాడు.

వాళ్ళ భాషలో, మెత్తగా, రెప్ప వేయకుండా. ఆమె పిల్లని ఒక చంకనుంచి ఇంకో చంకకి మార్చుకుంది. "ఏమంటోంది?" అని అడిగింది తెలుగులో, అతని మొహం చూస్తూ, చెప్పు, ఇప్పుడైనా చెప్పు, నీకింకా ఒక్క అవకాశం ఉంది, అనుకుంటూ.

"ఏం లేదు. ఫొటో సంగతే."

సరే. సరే మరి. నడవాలో మళ్ళీ నడుస్తూ ఆ సరేని నమిలింది. ఎక్కడో విన్నట్టుంది ఈ ఏం లేదు. అత్తగారితో వీడియోలో మాట్లాడేటప్పుడు. అత్తగారు ఆదివారం ఆదివారం ఫోనులోకి వస్తుంది, నుదురు, ముక్కు, గోడమీది క్యాలెండరు కనబడుతూ. "నువ్వు కాస్త పక్కకి జరగమ్మా, పిల్ల కనబడట్లేదు." జరుగుతుంది. "ఇంకాస్త." జరుగుతుంది. చివరికి ఫోను తెరలో పిల్ల ఉంటుంది, పిల్ల నడుము చుట్టూ రెండు చేతులుంటాయి, ఆ చేతులు ఎవరివో ఎవరికీ పట్టదు. పోయిన ఆదివారం ఆవిడ, "ఇంకా మూడేళ్ళు నా మనవరాల్ని ఫోనులోనే చూసుకోవాలా నాయనా," అంది. మూడేళ్ళేమిటి, అని ఆమె తెర బయటినుంచి అడిగింది. ఏం లేదు, అమ్మ ఏదో మాటవరసకి అంటోంది, అన్నాడు. అంటే అత్తగారికి తెలుసు. కంపెనీకి తెలుసు, ఉత్తరం టైపు చేసినవాడికి తెలుసు, నాలుగో కిటికీ గుమాస్తాకి కూడా తెలుసు. తెలియనిది తనకీ, ఈ మిరపకాయకీ. మిరపకాయ ఏడు నెలలది కాబట్టి దానికి చెప్పలేదు, మరి తనకి ముప్ఫై రెండేళ్ళు.

మూడోసారి గుడ్డ. ఫొటోగ్రాఫరుకి విసుగొచ్చింది, భోజనం వేళ దాటిపోతోంది కాబోలు. గుడ్డ కొస ఆమె మోచేయి కిందికి దోపుతూ, "చేతులు లోపల, అమ్మా, వేళ్ళు బాగా లోపలికి," అన్నాడు వాళ్ళ భాషలో. మొగుడు దాన్ని తెలుగులో మళ్ళీ చెప్పాడు. రెండుసార్లూ విన్నది. వేళ్ళు మడిచి, పిడికిళ్ళు చేసి, పిడికిళ్ళ మీద పిల్లని నిలబెట్టుకుంది. పిల్ల గుండె తన వేలి కణుపులకి తగులుతోంది, టకటకా, ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు. తీసి అవతల పారేస్తే ఈ గుడ్డని? లేచి నిలబడితే? వేలు ఒక్కటి బయటపెడితే చాలు, ఫొటో చెల్లదు, ఈ రోజు చెల్లదు, భోజనం తర్వాత కిటికీ తెరవరు, నమోదు గడువు ఈ రోజుతో సరి. వేలు బయటపెట్టడం ఎంతసేపు. కానీ అది వేలు చేసిన పని అవుతుంది, తను చేసినది కాదు. మళ్ళీ చూసుకోవాలి కదా అంటాడు, మళ్ళీ తప్పు దానంతటదే జరిగిపోతుంది. వద్దు. జరిగేది తన చేత్తో, తను చేసినట్టు తెలిసేలా జరగాలి.

బయట తాళంచెవుల చప్పుడు ఆగింది. మొగుడికి కొత్త ఆలోచన వచ్చినట్టుంది, గొంతు మార్చాడు, పిల్ల ముందు వంగినట్టున్నాడు. "మిరపకాయ్! అమ్మేదీ? అమ్మ ఎక్కడ? అమ్మ లేదు! అయ్యో, అమ్మ లేదుగా! అమ్మ లేదు!"

పిల్ల ఒళ్ళు బిగుసుకుంది. నసపెట్టడం ఆపింది. అటు ఇటు తల తిప్పింది, పిడికిళ్ళకి తెలిసింది ఆ తిప్పడం. ఒళ్ళో కూర్చుని వెతుకుతోంది పిచ్చిముండ. ఉన్నానే, ఇక్కడే ఉన్నాను, అని చెప్పబోయి గుడ్డ నోటికడ్డం రాగా ఆగింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి గుడ్డకే అంటుకున్నాయి. వెలుగు మెరిసింది.

అద్భుతమైన ఫొటో. ఫొటోగ్రాఫరే అన్నాడు. కళ్ళు ఇంతింత తెరిచి, నోరు గట్టిగా మూసి, నిటారుగా, చుట్టూ తెలుపు. ఎక్కడా వేలు లేదు, గోరు లేదు, నీడ లేదు. తల్లి కనబడకుండా పోయిందని భయపడిన పిల్ల మొహం అది, చూసేవాళ్ళకి మాత్రం బుద్ధిమంతురాలిలా ఉంది. "చూశావా, ఎలా చేశానో!" అన్నాడు మొగుడు, ఆమె భుజం తట్టి. నిజంగానే సంతోషించాడు. ఆ సంతోషం చూస్తే ఒక్క క్షణం జాలేసింది, మరుక్షణం ఆ జాలి మీదే కోపమొచ్చింది.

గుమాస్తా ఫొటో అంటించింది, ముద్ర వేసింది. తండ్రి సంతకం అన్నచోట అతనిది ముందే ఉంది. కలం కిటికీలోంచి ఆమె వైపు జరిపి, "తల్లి ఇక్కడ, నా ఎదురుగా," అంది. "ఇక్కడ," అని మొగుడు గడి మీద వేలు పెట్టి చూపించాడు.

ఆమె అతని వేలిని పక్కకి జరిపింది. పిల్లని ఎడమచేతిలోకి సర్దుకుని, కుడిచేత్తో కలం పట్టుకుని, ఫారాన్ని తన వైపు తిన్నగా తిప్పుకుని, ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత, దాని పక్కనే ఇంకో గీత కొట్టింది. రెండేళ్ళయినా చేయి మర్చిపోలేదు. మధ్యలో చెల్లదు అని రాసి, పొడి సంతకం పెట్టి, తేదీ వేసింది.

"ఏం చేస్తున్నావ్? పిచ్చెక్కిందా నీకు?"

ఆమె గుమాస్తా వైపే చూసింది. వాళ్ళ భాషలో, కింద ఫ్లాటు గుమ్మంలో నిలబడి నేర్చుకున్న గొంతుతో అంది, "ఇందాక మీరు అడిగింది నా ఇష్టం గురించి. జవాబు నేను చెప్పలేదు. నాకు ఇష్టం లేదు. నేనూ పిల్లా మా దేశం వెళ్ళిపోవడానికి ఏ ఫారం ఇవ్వాలి?"

పక్కన మొగుడు బిక్కచచ్చిపోయాడు. గీతలకన్నా ఆ భాషకే ఎక్కువ. ఇందాకటి ఇష్టమేనూ, ఏం లేదునూ, అంతకుముందు రెండేళ్ళుగా ఆమె పక్కన నిలబడి ఆమె గురించి వాళ్ళతో ఏమేం అన్నాడో అవన్నీనూ ఒక్కసారిగా లెక్కకొస్తున్నట్టు మొహంలో రంగులు మారాయి. గుమాస్తా కళ్ళజోడు పెట్టుకుని ఆమెను మొదటిసారి నిదానంగా చూసింది. సొరుగు లాగి పసుపురంగు కాగితం ఒకటి తీసింది.

"ఫొటో కావాలి."

"ఇదే పనికొస్తుందా?"

"పనికొస్తుంది. వేళ్ళు కనబడట్లేదుగా." రెండు గీతల ఫారం నుంచి ఫొటోని గోటితో జాగ్రత్తగా ఊడదీసి పసుపు కాగితం మీద అంటించింది. ఆమె రాయాల్సినవన్నీ రాసింది, ఉద్యోగం అన్నచోట నీటి పరీక్షలు అని రాసింది, సంతకం చేసింది. గుమాస్తా కాగితం చూసుకుని, కింద ఇంకా ఖాళీగా ఉన్న గడి మీద పెన్సిలు ఆనించింది. "ఇద్దరి సంతకాలూ ఉండాలి." ఆ తర్వాత, నిబంధన ప్రకారం అడగాల్సింది అడిగింది, అతన్ని కాదు, ఆమెనే.

"తండ్రికి ఇష్టమేనా?"

ఇష్టమే. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. రెప్ప వేయకుండా, అంతే మెత్తగా, అతను అన్నంత తేలిగ్గా అనెయ్యచ్చు. నోరు తెరిచింది కూడా. పిల్ల ఆమె మెడలో మొహం దాచుకుని, దొరికిందన్న ధీమాతో చొక్కా కాలరు చీకుతోంది. నోరు మూసుకుంది. మొగుడి వైపు తిరిగింది.

"నిన్నే అడుగుతోంది," అంది తెలుగులో, కలం చాపి. "నీకు ఇష్టమేనా?"

"ఇంటికెళ్ళి..."

"ఇక్కడే."

వెనక ఎవరిదో నంబరు పిలిచారు, వరసంతా ఒకసారి కదిలి సర్దుకుంది. అతను కలం అందుకోలేదు. ఆమె చెయ్యి దించలేదు. గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, తొందరేం లేదన్నట్టు కూర్చుంది.